మాటలు వచ్చినా మాట్లాడని బాబు: గుంటూరు నుంచి ఒక తండ్రిగారి ప్రశ్నకు సమాధానం

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక తండ్రిగారు అడిగిన దాని సారాంశం ఇది. వారి బాబుకు మూడేళ్ల ఎనిమిది నెలలు. ఆటిజం అని ఆరు నెలల క్రితం నిర్ధారణ అయింది. ఫోనులో విన్న రైమ్స్ అన్నీ అప్పజెబుతాడు, ఇంగ్లీషులో వంద వరకు అంకెలు చెబుతాడు, కానీ దాహం వేస్తే నీళ్లు అడగడు. తల్లి చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దగ్గరకు లాక్కుపోతాడు. "అన్నం తింటావా?" అని అడిగితే "తింటావా" అని తిరిగి అంటాడు. వారానికి మూడు రోజులు బస్సులో విజయవాడ సూర్యారావుపేటకు స్పీచ్ థెరపీకి తీసుకువెళుతున్నారు, నాలుగు నెలలైనా మార్పు కనిపించలేదు. థెరపిస్ట్ బొమ్మల కార్డులు వాడమన్నారు; వాటికి అలవాటు పడితే ఇక నోరే తెరవడని నాయనమ్మగారు భయపడుతున్నారు. బంధువుల్లో ఒకరు ఇంట్లో ఇంగ్లీషు మాత్రమే మాట్లాడమంటున్నారు, మరొకరు మగపిల్లలకు మాటలు ఆలస్యమేనని తేల్చేస్తున్నారు. సెషన్లు పెంచాలా, ఇంట్లో ఏం చేయాలి, మాట ఎప్పుడు వస్తుంది అన్నవి ఆయన ప్రశ్నలు.

నేను విజయవాడలో ఇరవై రెండేళ్లుగా స్పీచ్ థెరపిస్ట్‌గా పనిచేస్తున్నాను. బాబును చూడలేదు కాబట్టి అతని గురించి తీర్పు చెప్పను. ఇటువంటి పిల్లలతో పనిచేసి తెలుసుకున్నది మాత్రం వివరంగా చెబుతాను.

ముందుగా వినికిడి సంగతి. బాబుకు బెరా, ఓఏఈ అనే వినికిడి పరీక్షలు జరిగాయో లేదో మీరు రాయలేదు. రైమ్స్ అన్నీ పాడుతున్నాడు కదా, చెవులు బాగానే ఉన్నట్టేనని చాలామంది అనుకుంటారు. కానీ మధ్యచెవిలో నీరు చేరినా, సన్నని ధ్వనులు మాత్రమే సరిగా వినపడకపోయినా పిల్లవాడు రాగాన్ని పట్టుకుని పాట పాడగలడు, మాటల్లోని హల్లులను మాత్రం జారవిడుస్తాడు. పరీక్ష నిద్రలో చేస్తారు, నొప్పి ఉండదు. ఇప్పటివరకు చేయించకపోతే మిగిలినదంతా పక్కన పెట్టి ముందు ఆ పని చేయించండి.

మగపిల్లలకు ఆలస్యమేనన్న మాట, మేనమామ కూడా అయిదేళ్లకు మాట్లాడాడన్న కథ మన ఇళ్లన్నిటిలోనూ వినిపించేవే. ఏడాది నిండేసరికి వేలితో చూపించకపోవడం, పదహారు నెలలకు ఒక్క మాటా లేకపోవడం, రెండేళ్లకు రెండు పదాలు కలిపి సొంతంగా అనకపోవడం, వచ్చిన మాటలు పోవడం, ఇవి ఆడపిల్లలోనైనా మగపిల్లవాడిలోనైనా ఆగకుండా చూపించుకోవలసిన లక్షణాలు. నాలుక మీద వస అరగదీసి రాస్తే వసపిట్టలా మాట్లాడతాడని చెప్పేవారూ, నాలుక కింది తీగ కోయిస్తే మాట వస్తుందని చెప్పేవారూ మీకు ఎదురయ్యే ఉంటారు. వంద అంకెలు స్పష్టంగా పలికే నాలుకకు ఏ లోపమూ లేదని మీరే గమనించవచ్చు.

అసలు విషయం ఇక్కడే ఉంది. మీ బాబుకు మాటలు ఉన్నాయి. ఒక మాట అంటే ఎదుటి మనిషిలో ఒక కదలిక వస్తుందని, తన మనసులో ఉన్నది ఆ మనిషికి చేరుతుందని మాత్రం అతనికి ఇంకా పట్టుబడలేదు. 1943లో లియో కానర్ అనే వైద్యుడు 11 మంది పిల్లలను వర్ణిస్తూ ఆటిజం గురించి మొదటి వ్యాసం రాసినప్పుడు, వారిలో 8 మందికి మాట వచ్చిందనీ, అయినా ఆ మాటలు చాలాకాలం పాటు ఇతరులకు ఏదైనా తెలియజేయడానికి ఉపయోగపడలేదనీ గుర్తించాడు. వాళ్లు పద్యాలూ పేర్లూ అద్భుతంగా అప్పజెప్పేవారు, విన్న వాక్యాన్ని విన్నట్టే తిరిగి అనేవారు, తమను "నువ్వు" అనీ ఎదుటివారిని "నేను" అనీ అనేవారు. ఎనభై ఏళ్ల తరువాత బ్రాడీపేటలో మీ బాబు చేస్తున్నదీ అదే.

అయితే తెలుగులో ఈ లక్షణం కాస్త దాక్కుని ఉంటుంది. మనం "నేను", "నువ్వు" అన్న మాటలు పలకకుండానే క్రియ చివర ఆ పని కానిచ్చేస్తాం. "తింటావా" అన్న మాటలో "నువ్వు" ఇమిడి ఉంది. బాబు ఆ మాటను తిరిగి అన్నప్పుడు చాలాసార్లు అతను చెప్పదలచుకున్నది "తింటాను" అనే. సొంతంగా కట్టుకోలేక దొరికిన ముక్కను దొరికినట్టే వాడుతున్నాడు. కాబట్టి అది అర్థంలేని పలుకు కాదు, "తింటావా కాదురా, తింటాను అనాలి" అని దిద్దవలసిన తప్పూ కాదు. అతను ఏమనాలో ఆ మాటను అతని తరఫున మీరే అనండి. కంచం చూపిస్తూ "తింటాను" అని, అతనే అంటున్నట్టుండే స్వరంతో అని, వెంటనే ముద్ద పెట్టండి. "నీళ్లు కావాలా?" అని అడగడానికి బదులు గ్లాసు అతని కళ్ల ముందుకు తెచ్చి "నీళ్లు కావాలి" అనండి. అతను ప్రతిధ్వనించినా సరైన వాక్యాన్నే ప్రతిధ్వనిస్తాడు. ఇలాగే "బాయ్ అను", "అమ్మ అను" అని చెప్పించే అలవాటు కూడా మానాలి. ఎందుకంటే నా దగ్గరకు వచ్చే పిల్లల్లో చాలామంది చెయ్యి ఊపుతూ "బాయ్ అను" అనే అంటారు. ఆ "అను" వాక్యంలో భాగం కాదని వాళ్లకు తెలియదు.

ఇంకొక చిన్న విషయం, పుస్తకాల్లో కనిపించనిది. మనం కొడుకును "నాన్నా" అంటాం, కూతురిని "అమ్మా, తల్లీ" అంటాం. రోజులో ఒకే పిల్లవాడు నాన్న, బుజ్జి, చిన్నా, బంగారం, కన్నా అవుతాడు. మామూలు పిల్లలు ముద్దుమాటను గొంతును బట్టి, సందర్భాన్ని బట్టి పోల్చుకుంటారు. మాటను మాటగానే తీసుకునే మీ బాబుకు, తండ్రి పేరూ తన పేరూ ఒకటే కావడం పెద్ద చిక్కుముడి. కొన్ని నెలల పాటు ఇంటిల్లిపాదీ ఒకే పేరుతో పిలవండి, నాయనమ్మగారితో సహా. ముద్దు చేయవద్దని నేను అనడం లేదు. పిలుపు మాత్రం ఒకటే ఉండాలి. దగ్గరకు వెళ్లి, అతని ఎత్తుకు వంగి, ఒకసారి పిలిచి ఆగండి. హాల్లోంచి పదిసార్లు కేకవేస్తే ఆ పేరు ఫ్యాను చప్పుడులో కలిసిపోతుంది.

మీ కేంద్రంలో ఏం చేయిస్తున్నారో నాకు తెలియదు గానీ, ఒకప్పుడు నేనేం చేశానో చెబుతాను. వృత్తిలోకి వచ్చిన కొత్తలో ఒక బాబును బల్ల ముందు కూర్చోబెట్టి, బొమ్మల పుస్తకం తెరిచి, నలభై బొమ్మలకు పేర్లు చెప్పేలా తయారు చేశాను. నాకు ఎంతో గర్వంగా ఉండేది. ఒకరోజు తల్లి నెమ్మదిగా, "మేడమ్, ఇక్కడ గ్లాసు బొమ్మ చూసి గ్లాసు అంటున్నాడు, ఇంట్లో దాహమేస్తే ఏడుస్తూనే ఉన్నాడు" అన్నారు. నలభై పేర్లు నేర్పాను గానీ ఒక్క దానితో ఏం చేయాలో నేర్పలేదు. ఇప్పటికీ కొత్త బిడ్డ వచ్చినప్పుడు ఆ తల్లి మాట గుర్తు చేసుకునే మొదలుపెడతాను.

ఇంట్లో మీరు చేయవలసిన పని ప్రశ్నలు తగ్గించడంతో మొదలవుతుంది. పది నిమిషాలు బాబుతో ఆడుతూ ఫోనులో వీడియో తీసుకోండి, తరువాత మీ మాటలే లెక్కపెట్టుకోండి. "ఇదేంటి? ఇదేం రంగు? ఏనుగు ఎలా అరుస్తుంది? చెప్పు, చెప్పు" అన్నవే ఎక్కువ ఉంటాయి. ప్రేమతోనే అడుగుతాం, కానీ పిల్లవాడికి అది పరీక్ష. వాటి స్థానంలో, అతను ఏది చూస్తున్నాడో, ఏది పట్టుకున్నాడో దాని గురించి రెండు మూడు పదాల వాక్యం అని ఊరుకోండి. కారు చక్రం తిప్పుతుంటే "చక్రం తిరుగుతోంది" అనండి చాలు. కారును సరిగా నడిపించమని చేతిలోంచి లాక్కోవద్దు. అతని దృష్టి ఎక్కడ ఉందో మాట అక్కడికి వెళ్లాలి.

మన ఆటల్లో ఉప్పుమూటను మించిన థెరపీ పరికరాన్ని నేను చూడలేదు. బాబును వీపు మీద ఎక్కించుకుని "ఉప్పుమూట, ఉప్పుమూట" అంటూ నాలుగు అడుగులు వేసి టక్కున ఆగిపోండి. ఏమీ అడగవద్దు. మనసులో అయిదు వరకు లెక్కపెట్టుకోండి. మొదట్లో అతను ఒళ్లు కదుపుతాడు, మీ భుజం తడతాడు, ఏదో శబ్దం చేస్తాడు. అదే మాట అనుకుని "ఇంకా!" అంటూ వెంటనే పరుగెత్తండి. కొన్ని రోజులకు ఆ కదలిక చూపుగా, తరువాత "ఉ" అన్న శబ్దంగా, చివరకు "ఇంకా" అన్న మాటగా మారే అవకాశం ఉంది. ఇందులో బొమ్మ లేదు, ఫోను లేదు. ఆట జరగాలంటే నాన్న కావాలి. ఆటిజం ఉన్న బిడ్డకు మనం కల్పించవలసిన అవసరం అదే. ఉయ్యాల, దాగుడుమూతలు, దుప్పటిలో ఊపడం కూడా ఇలాగే వాడుకోవచ్చు. ఎక్కువ మంది తల్లిదండ్రులు ఇక్కడ తడబడేది ఆ అయిదు లెక్కల మౌనం దగ్గరే. రెండో లెక్కకే "చెప్పు నాన్నా" అనేస్తారు.

వస్తువులతోనూ ఇటువంటి సందర్భాలు కల్పించవచ్చు. జంతికలు మూత బిగించిన పారదర్శకమైన డబ్బాలో పెట్టి అతనికి అందేచోట ఉంచండి. తెరవలేక మీ చేతికి ఇస్తాడు. ఇచ్చినప్పుడు "తియ్యి" అని, తీసి, ఒక్కటే ఇవ్వండి, మళ్లీ అడిగే అవకాశం మిగలాలి. అయితే అతను ఏడుపు అందుకునేవరకు బిగబట్టవద్దు. నోటితో అనేవరకు నీళ్లు ఇవ్వకుండా ఉంచమని సలహా ఇచ్చేవారు ఉన్నారు, అది చికిత్స కాదు.

మొదట నేర్పవలసిన మాటల్లో రంగులూ జంతువులూ అక్కర్లేదు. ఇవ్వు, ఇంకా, తియ్యి, రా, అయిపోయింది, వీటితో పాటు "వద్దు". ఈ చివరి మాటను తల్లిదండ్రులు ఇష్టపడరు, పిల్లవాడు మొండివాడవుతాడని భయం. నా అనుభవంలో మాత్రం, వద్దని చెప్పే దారి దొరికిన పిల్లవాడు తల బాదుకోవడం, కొరకడం తగ్గిస్తాడు, ఎందుకంటే అతను ఇంతకాలం ఆ పనులతో చెబుతున్నది "వద్దు" అనే. తల అడ్డంగా ఊపినా, చేత్తో కంచాన్ని నెట్టినా "వద్దు" అని మీరు మాట జోడించి, నిజంగానే ఆ వస్తువు తీసేయండి. నాలుగుసార్లు వద్దంటే నాలుగుసార్లూ పనిచేయాలి.

అడగడం కంటే కష్టమైనది, నా దృష్టిలో విలువైనది మరొకటి ఉంది: చూసినదాన్ని పంచుకోవడం. సీతానగరం నుంచి ఒక బాబు, తన తండ్రి స్కూటరు మీద ప్రకాశం బ్యారేజీ దాటి నా దగ్గరకు వచ్చేవాడు. బ్యారేజీకి ఉన్న 70 గేట్లూ అతనికి ప్రాణం. తండ్రి మొదట ఆ పిచ్చి మాన్పించాలని చూశారు, తరువాత నా మాట మీద బండి ఆపి అతనితో పాటు గేట్లు చూడటం మొదలుపెట్టారు. రోజూ "గేటు మూసి ఉంది" అనేవారు, అంతే. ఏడు నెలల తరువాత ఒక వరదరోజున గేట్లు ఎత్తి ఉంటే, ఆ బాబు తన తండ్రి గడ్డం పట్టుకుని ముఖం నీటివైపు తిప్పి "నీళ్లు!" అన్నాడు. దాహమై అన్నది కాదు. నాన్న కూడా చూడాలని అన్నది. ఆ రోజు ఆయన కళ్లు తుడుచుకుంటూ వచ్చారు, నాకూ సెషన్ సరిగా సాగలేదు.

తల్లిదండ్రులు చేసే ఈ పనికి పరిశోధన బలం కూడా ఉంది. గోవాలోనూ పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ రెండు నుంచి తొమ్మిదేళ్ల వయసున్న 65 మంది పిల్లల కుటుంబాలతో చేసిన పాస్ అధ్యయనం ఫలితాలు 2016లో వెలువడ్డాయి. అందులో నిపుణులు కాని ఆరోగ్య కార్యకర్తలు శిక్షణ పొంది, తల్లిదండ్రులకు వారి వీడియోలే చూపించి, బిడ్డ దృష్టిని అనుసరించి మాట్లాడటం నేర్పారు. తల్లిదండ్రుల తీరు మారింది, పిల్లలు తామే ముందుగా సంభాషణకు పూనుకోవడమూ పెరిగింది. అన్ని కొలమానాల్లోనూ మెరుగుదల రాలేదన్నది కూడా చెప్పుకోవాలి. కానీ మనవంటి దేశంలో ఇళ్లలో జరిగిన పని కాబట్టి నాకు దాని మీద గౌరవం.

ఇక కార్డుల విషయంలో నాయనమ్మగారి భయం సహజమే, కానీ అది నిజం కాదు. బొమ్మ ఇచ్చి వస్తువు తీసుకునే పెక్స్ పద్ధతి 1985 నుంచి వాడుకలో ఉంది. ఇటువంటి ప్రత్యామ్నాయ పద్ధతులు వాడినప్పుడు మాట ఏమవుతుందని ఎదుగుదల లోపాలున్నవారి మీద జరిగిన అధ్యయనాలను మిల్లర్, లైట్, ష్లోసర్ అనే పరిశోధకులు 2006లో కలిపి పరిశీలించారు. గట్టి ఆధారాలున్న 27 మందిలో ఒక్కరికి కూడా మాట తగ్గలేదు, 89 శాతం మందిలో పెరిగింది. పెరుగుదల చాలామందిలో కొద్దిగానే ఉందన్నదీ నిజం. కార్డు చేసే పని నోటికి బదులు నిలబడటం కాదు, "నేను ఇస్తే అమ్మ స్పందిస్తుంది" అన్న సంగతిని చేతికి తెలిసేలా చేయడం. ఆ సంగతి తెలిశాక నోరు దాన్ని అనుసరించే అవకాశం పెరుగుతుంది. బజారులో దొరికే బొమ్మల కార్డులకు బదులు మీ ఇంటి స్టీలు గ్లాసు, మీ ఇంటి ఇడ్లీ పళ్లెం, మీ స్కూటరు ఫొటోలు తీసి అట్టకు అంటించండి. ఇద్దరు ఉండాలి: ఎదుట ఒకరు గ్లాసు పట్టుకుని, వెనుక ఒకరు బాబు చేతిని కార్డు వైపు నడిపిస్తూ. ఎదుట కూర్చునే పని నాయనమ్మగారికి అప్పగించండి. మనవడు మొదటిసారి తన చేతిలో కార్డు పెట్టిన రోజున ఆవిడ అభ్యంతరం దానంతట అదే పోతుంది.

ఇంట్లో ఇంగ్లీషు మాత్రమే మాట్లాడమన్న సలహాను వినకండి. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం ఉన్న పిల్లలకు మాట మరింత వెనుకబడుతుందనడానికి ఇప్పటివరకు జరిగిన పరిశోధనల్లో ఆధారం దొరకలేదు. అతని వంద అంకెలూ ఇంగ్లీషులో ఉండటానికి కారణం ఫోను ఆ భాషలో ఉండటమే. మీరు ఆలోచించకుండా, నవ్వుతూ, విసుక్కుంటూ, బుజ్జగిస్తూ మాట్లాడగలిగే భాషలోనే బిడ్డకు భావం అందుతుంది. నాయనమ్మగారు నోరు మూసుకుని కూర్చోవలసి వచ్చే ఇంట్లో బాబు వినే మాటలు సగానికి సగం తగ్గిపోతాయి. స్కూలు ఇంగ్లీషు స్కూల్లో నేర్చుకుంటాడు. ఫోను గురించి ఒక్క మాట: రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంట మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. తగ్గించండి, కానీ ఫోనే ఆటిజం తెచ్చిందని బాబు తల్లిని నిందించవద్దు. ఫోను, టీవీ చూడటం వల్ల వస్తుందని కొందరు చెప్పే "వర్చువల్ ఆటిజం" అన్నది గుర్తింపు పొందిన నిర్ధారణ కాదు.

సెషన్లు పెంచాలా అన్నదానికి నా సమాధానం, ముందు తలుపు తెరిపించండి. తల్లిని బయట బెంచీ మీద కూర్చోబెట్టి, లోపల నలభై అయిదు నిమిషాలు పనిచేసి, "బాగా చేశాడు" అని పంపేసే చోట వారానికి ఆరు రోజులు వెళ్లినా ప్రయోజనం తక్కువ. థెరపిస్ట్ చేసేది మీరు చూడాలి, తరువాత ఆయన చూస్తుండగా మీరు చేయాలి, ఇంటికి ఏం తీసుకువెళ్లాలో స్పష్టంగా తెలియాలి. అలా జరిగితే వారానికి రెండు సెషన్లు, మీరు లోపలికి రాని మూడింటికంటే మేలు. గుంటూరు నుంచి రానూపోనూ బస్సు ప్రయాణంలో అలిసిపోయిన బిడ్డ ఎంత నేర్చుకుంటాడో కూడా ఆలోచించండి. గుంటూరులోనే అర్హత ఉన్నవారు దొరికితే అక్కడే చూపించుకోవచ్చు. అర్హత అంటే వినికిడి, మాటల చికిత్సలో డిగ్రీ, పీజీ కోర్సులైన బీఏఎస్‌ఎల్‌పీ లేదా ఎంఏఎస్‌ఎల్‌పీ చదివి, భారత పునరావాస మండలిలో రిజిస్టరై ఉండటం. ఆ నంబరు అడగండి. అడిగితే చిన్నబుచ్చుకునేవారి దగ్గర ఆగవద్దు. బాబుకు కార్డులు వాడమని చెప్పిన మీ థెరపిస్ట్ సరైన దారిలోనే ఉన్నారని నాకు అనిపిస్తోంది, కాబట్టి తొందరపడి మార్చకుండా ముందు ఈ మాటలన్నీ ఆయనతో మాట్లాడండి. స్టెమ్ సెల్ చికిత్స పేరుతో లక్షలు అడిగేవారు కూడా తారసపడతారు. ఆటిజానికి దాన్ని సిఫారసు చేయబోమని జాతీయ వైద్య కమిషన్ నైతిక విభాగం 2022 డిసెంబరులోనే స్పష్టం చేసింది.

ఖర్చు సంగతి కూడా ఆలోచించుకోవాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. సచివాలయంలో, వైకల్యాన్ని నిర్ధారించే సదరం పరీక్షకు స్లాటు తీసుకుని ధ్రువపత్రం పొందితే, కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమాకు దరఖాస్తు చేసుకోవచ్చు. ఏడాదికి లక్ష రూపాయల వరకు ఉండే ఆ బీమాలో థెరపీ ఖర్చులకు కూడా కొంత భాగం ఉంది. ధ్రువపత్రం తీసుకుంటే బిడ్డ మీద ముద్ర పడుతుందని వెనకాడే తల్లిదండ్రులను చాలామందిని చూశాను. ఆ కాగితం బీరువాలో ఉంటుంది, అవసరమైనప్పుడు బయటికి తీస్తారు, అంతే.

చివరిది, మాట ఎప్పుడు వస్తుందన్నది. తేదీ చెప్పేవారిని నమ్మకండి. 2013లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం, ఆటిజంతో పాటు నాలుగేళ్ల వయసులో తీవ్రమైన మాటల ఆలస్యం ఉన్న 535 మంది పిల్లలను వారికి ఎనిమిదేళ్లు నిండాక పరిశీలించింది. వారిలో 70 శాతం మంది పదాలు కలిపి మాట్లాడగలిగే స్థితికి, 47 శాతం మంది ధారాళంగా మాట్లాడే స్థితికి చేరారు. మాటలతో సంబంధంలేని తెలివితేటలూ, మనుషుల మీద ఆసక్తీ ఎక్కువగా ఉన్న పిల్లలు ముందున్నారు. మిగిలిన 30 శాతం మంది కూడా ఉన్నారని మరచిపోకూడదు. వారికి కార్డులు గానీ, ఫోనులోని బొమ్మల యాప్ గానీ మాట అవుతాయి, అది ఓటమి కాదు. మీ బాబుకు నాలుగేళ్లు కూడా నిండలేదు, తల్లి చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దగ్గరకు తీసుకువెళుతున్నాడు. చేతిని పట్టుకుంటున్నవాడికి మనిషితో పని అవుతుందన్న సంగతి సగం తెలుసు.

రేపటి నుంచి రెండు వారాల పాటు ఒక చిన్న నోటుపుస్తకం ఫ్రిజ్ మీద పెట్టుకోండి. బాబు ఏ రోజు ఏం అడిగాడు, చేత్తోనా, చూపుతోనా, కార్డుతోనా, శబ్దంతోనా, మీరు ఎంతసేపు ఆగారు అన్నది ఒక్కొక్క వరుసలో రాయండి. అప్పజెప్పిన రైమ్స్ అందులో రాయవద్దు. ఆ పుస్తకం, ఉప్పుమూట ఆడుతున్న పది నిమిషాల వీడియో, వినికిడి పరీక్ష రిపోర్టు, ఈ మూడూ పట్టుకుని మీ థెరపిస్ట్ దగ్గరకు భార్యాభర్తలిద్దరూ కలిసి వెళ్లండి.